మాటు పక్కన రేకు

అతను రేడియేటర్ని బల్ల మీద పెట్టలేదు, పడేశాడు. లోపల మిగిలిన నీళ్ళు చిమ్మి, వరసగా ఆరబెట్టిన రబ్బరు బిరడాల మధ్యనుంచి పాకి, బల్ల అంచు మీదుగా మేస్త్రి ఒళ్ళోకి కారాయి. మేస్త్రి లేవలేదు. నుదుటి మీదున్న కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని, ముందు రేడియేటర్ని కాకుండా అతని మొహాన్ని చూశాడు.

"ఏమైంది బాబూ?"

"ఏమైందో మీరే చెప్పాలి మేస్త్రీ. మీరు సీసం పోసి మాటు వేసి రెండు నెలలు కాలేదు. నడిరోడ్డు మీద పగిలింది. ఆవిరి కొట్టి మా అక్క చెయ్యి కాలింది."

"అయ్యో. ఎంత మేర కాలింది? బొబ్బలెక్కిందా?"

పొద్దున్నుంచి మనసులో పేర్చుకున్న మాటల్లో ఆ ప్రశ్నకి చోటు లేదు.

షెడ్డులో ఇంకో ముగ్గురున్నారు. బ్రెడ్డు వ్యాను డ్రైవరు తన వంతు కోసం పాత టైరు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. మిగిలిన ఇద్దరూ ఒక ట్రాక్టరు రేడియేటరుకి చెరో పక్కా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక నడుమెత్తు సిమెంటు తొట్టి, నిండా నీళ్ళు. మేస్త్రి పని మంచిచెడ్డలన్నీ ఆ తొట్టిలోనే తేలేవి. గొట్టాలన్నిటికీ బిరడాలు బిగించి, ఒకదాంట్లోంచి పంపుతో గాలి కొట్టి, రేడియేటర్ని నీళ్ళలో ముంచి, ముక్కు నీటికి ఆనేంత వంగి చూసేవాడు. సూదిమొనంత బుడగ లేచినా సరే, అక్కడ మేకుతో గీత గీసి మళ్ళీ పొయ్యి వెలిగించేవాడు.

మేస్త్రి చేతులు తుడుచుకుని రేడియేటరు వైపు చాచాడు. "ఒకసారి ఇలా ఇవ్వండి. ఎక్కడ వదిలిందో చూస్తాను."

అతను దాన్ని తనవైపు లాక్కున్నాడు. ఎందుకు లాక్కున్నాడో అప్పుడూ తెలియదు, తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు.

"చూడటానికి చూపుండాలి కదా మేస్త్రీ. మీ కళ్ళ సంగతి నాకు తెలీదా? పరీక్ష చేసింది నేనేగా."

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి వెళ్ళి, బల్ల మీద చిందిన నీళ్ళని పాతగుడ్డతో అద్దసాగింది. "అలాగా," అన్నాడు మేస్త్రి, గుడ్డతో మాట్లాడుతున్నట్టు. వ్యాను డ్రైవరు టైరు మీంచి లేచి, ఏదో గుర్తొచ్చినట్టు గడియారం చూసుకున్నాడు.

అతను రేడియేటర్ని చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. చొక్కా తడిసి పక్కటెముకలకి అంటుకుంది. ఊళ్ళో కళ్ళద్దాల షాపు అతనిదొక్కటే. కళ్ళ గురించి అతను ఒక మాటంటే దానికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

*

మర్నాడు అదే రేడియేటర్ని విడిభాగాల షాపుకి తీసుకెళ్ళాడు. కింద పాత దుప్పటి ముక్క పరిచి కౌంటరు మీద నెమ్మదిగా దించాడు. కౌంటరాయన చెవి మీది పెన్సిలు తీసి, టేపు లాగి, ఎత్తు, వెడల్పు, మందం కొలిచాడు. పై గొట్టం నోరు, కింది గొట్టం నోరు వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. బిగించే చెవులు ఏ పక్కనున్నాయో ఒక అట్టముక్క మీద బొమ్మ గీశాడు.

"బండి వయసెంత సార్?"

"ఇరవై రెండు."

"పెళ్ళీడుకొచ్చింది." కౌంటరాయన నవ్వకుండానే అన్నాడు. "దీనికి అచ్చంగా ఇలాంటిదే ఇప్పుడు ఎవరూ చేయట్లేదు. ఇత్తడిదే కావాలంటే పట్నంలో చేయించాలి, మూడు వారాలు పడుతుంది. బరువుంటుంది, పాడైతే బాగుచేసుకోవచ్చు. రెండోది, విప్పేసిన బండిలోది పాతది ఒకటుంది, అది ఎన్నాళ్ళొస్తుందో నేను చెప్పలేను. మూడోది ఇది."

అట్టపెట్టెలోంచి అల్యూమినియం రేడియేటరు ఒకటి తీశాడు. పైనా కిందా నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులు. అతను ఎత్తి చూశాడు. పుస్తకాల సంచీ అంత కూడా బరువు లేదు.

"ఇది బాగా చల్లబరుస్తుందా?"

"పాతదానికంటే బాగా. కానీ ఒకటి, దీనికి మాటు పడదు. పోయిందంటే పారెయ్యడమే." కౌంటరాయన పాత రేడియేటర్ని వెలుతురుకి తిప్పి, పై ట్యాంకు మీద మేస్త్రి వేసిన మాటుని వేలితో నొక్కాడు. బొటనవేలి గోరంత వెడల్పున, ఒకే మందంలో, వెండి రంగులో ఉంది. "ఇది ఎందుకు మారుస్తున్నారు? మాటు వదిల్తేనా?"

"అవును."

"మాటు ఎక్కడ వదిలింది సార్? రాయిలా ఉంది. దాని పక్కన రేకు చిరిగింది, చూడండి."

అతను వంగి చూశాడు. పచ్చటి కిలుము కింద, మాటుకి అర అంగుళం ఎడంగా, రేకు బయటికి ఉబ్బి సన్నగా నోరు తెరుచుకుని ఉంది. రోజూ అద్దాల అంచున పెసరగింజంత పగులుని పట్టుకునే కళ్ళు. నిన్న ఆ చిరుగును చూడనేలేదు.

"లోపల ఒత్తిడి ఎక్కువైతే ఇలా అవుతుంది. మూత ఏది వాడుతున్నారు?"

అతను తన షాపు ముందున్న కారు దగ్గరికి నడిచెళ్ళి మూత తెచ్చాడు. కౌంటరాయన దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని కళ్ళు చికిలించి, మళ్ళీ అతనికే ఇచ్చేశాడు. "నాకు చత్వారం. పైన అంకె ఉంటుంది, మీరే చదవండి."

"ఒకటి పాయింటు మూడు."

"ఈ బండికి సున్నా పాయింటు తొమ్మిది. ఒత్తిడి ఎక్కువైనప్పుడు మూత తెరుచుకుని కాస్త వదిలేయాలి. మూత మొండికేస్తే ఆవిరి ఇంకో దారి వెతుక్కుంటుంది. ఎవరు బిగించారిది?"

మూడు వారాల కిందట దారిలో పెట్రోలు బంకు పక్కన ఒక కొట్లో, పాత మూత రబ్బరు అరిగిందని, "గట్టిది ఇవ్వండి" అని అడిగి మరీ కొన్నది అతనే. తన చేతులతోనే బిగించి, పని తెలిసినవాడిలా అరచెయ్యి దులుపుకున్నాడు కూడా.

"ఏమో. ఎవరో," అన్నాడు.

"మేస్త్రే అయ్యుంటాడు లెండి. పెద్దాయన, పొరపాటు పడుంటాడు." కౌంటరాయన పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "ఏది కావాలో ఆలోచించుకుని చెప్పండి. శనివారం దాకా ఇది పక్కన పెడతాను."

అతను దుప్పటి ముక్క మడతపెట్టాడు. ఒకసారి మడిచి, అంచులు కలవలేదని విప్పి, మళ్ళీ మడిచాడు.

*

"రేడియేటరు చూడ్డానికి వెళ్తున్నావా, సంబంధం చూడ్డానికి వెళ్తున్నావా?" అంది అక్క. ఎడమ మణికట్టుకి కట్టు. కుడిచేత్తో గిన్నెలు ఒక్కొక్కటీ బోర్లిస్తోంది. "ఒకటి బరువంటావు, ఒకటి తేలికంటావు. దాని జాతకం కూడా చూపించు."

"తేల్చుకుంటాలే."

"మేస్త్రిని అడగలేకపోయావా? ఆయన చెప్తాడుగా ఏది మంచిదో."

అతను నీళ్ళు తాగాడు.

"పోనీ, మొన్న ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నీ చెయ్యి ఎంత కాలిందని అడిగాడు."

అక్క చేతిలో గిన్నె బోర్లించకుండా పట్టుకుంది. "నువ్వు ఆగమంటున్నా వినకుండా బానెట్ ఎత్తింది నేనే కదరా. ఆ మాట చెప్పావా ఆయనకి?"

"చెప్పలేదు."

"మరేం చెప్పావు?"

అతను గ్లాసు కడిగి బోర్లించాడు. అక్క ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం ఆవిడకి అలవాటు లేని పని. అందుకే ఆ సాయంత్రమంతా వంటింట్లో ఏ చప్పుడైనా అతనికి గట్టిగానే వినిపించింది.

బుధవారం షాపు తెరవగానే మేస్త్రి కార్డు వెతికాడు. పరీక్ష చేసిన ప్రతివాళ్ళకీ ఒక కార్డు రాసి, చెక్క పెట్టెలో వరసగా పెట్టడం అతని పద్ధతి. కిందటేడాది తేదీ. తన చేతిరాతే. చత్వారం. అద్దాలతో దగ్గర అక్షరాలు చివరి వరస వరకు, తడబాటు లేకుండా. పక్కన ఇంకో మాట కూడా రాసుకున్నాడు: వయసుకి చాలా మంచి చూపు.

మొన్న షెడ్డులో కోపంలో పొరపాటుగా అన్నాననుకుంటూ వచ్చాడు ఇప్పటిదాకా. పొరపాటు కాదది. తెలిసిన సంగతిని తిరగేసి చెప్పాడు.

మధ్యాహ్నం బ్రెడ్డు వ్యాను డ్రైవరు ఎండ అద్దాల కోసం వచ్చాడు. నాలుగు జతలు పెట్టుకుని, నాలుగుసార్లూ అద్దంలో తన మీసాన్నే చూసుకున్నాడు.

"మీరు ఆ రోజు అనబట్టి సరిపోయింది సార్. నేనూ అక్కడే ఇచ్చేవాణ్ణి. బైపాసు దగ్గర కొత్త షెడ్డులో ఇచ్చేశాను. ఆ ట్రాక్టరు వాళ్ళు కూడా పట్టుకెళ్ళిపోయారు."

"ఎందుకు?"

"అదేంటి సార్ అలా అంటారు. కళ్ళు కనపడని మనిషికి పనిస్తామా? మామూలు మనిషి అంటే వేరు. మీరే చెప్పాక ఇంకేముంది."

అతను చేతిలో ఉన్న అద్దాల్ని గుడ్డతో తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. నేనన్నది నిజం కాదు అని అనడానికి ఆరేడు మాటలు చాలు. డ్రైవరు ఎదురుగానే ఉన్నాడు, బయట బండి ఆపి ఉంది, తొందర కూడా లేదు. "గోధుమ రంగువి మీకు బాగున్నాయి," అన్నాడు.

*

గురువారం షాపు కాసేపు మూసి షెడ్డుకి నడిచాడు. రేకు తలుపు సగం దించి ఉంది. లోపల మేస్త్రి కూతురు బస్సు కండక్టరు యూనిఫాంలోనే, భుజాన టిక్కెట్ల సంచీతోనే, తొట్టిలో నీళ్ళని బకెట్టుతో తోడి వాకిట్లో పోస్తోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. తండ్రిలాగే పొడుగు చేతులు.

"నాన్న లేరా అమ్మా?"

"ఇంటిదగ్గరున్నారు సార్. రండి, ఆ టైరు మీద కూర్చోండి, అదొక్కటే శుభ్రంగా ఉంది."

అతను కూర్చోలేదు. తల దించుకుని, నీళ్ళు తగ్గుతున్న తొట్టిని చూస్తూ చెప్పాడు. మూత సంగతి, మాటు సంగతి, కార్డు మీద ఏం రాసుందో అదీ చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక తేలిగ్గానే వచ్చింది. ఆమె బకెట్టు కింద పెట్టి వింది.

"ఈ సంగతి నాన్నకి చెప్పడానికొచ్చారా?"

"అవునమ్మా."

"చెప్పకండి సార్."

అతను తలెత్తాడు.

"మూడేళ్ళ నుంచి మానెయ్యమని బతిమాలుతున్నాను. మాటు వేసేటప్పుడు లేచే ఆ యాసిడ్ పొగకి ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు నాన్న మొహం మీదే చెప్పాడు. సరేనండి అని, దారిలో సీసం కొనుక్కుని ఇంటికొచ్చారు. ఏడ్చాను, అన్నం మానేశాను, మాట్లాడ్డం మానేశాను. ఏం చేసినా వినలేదు. మీరు ఒక్క మాటన్నారు. ఆ సాయంత్రమే పొయ్యి ఆర్పేసి, తాళం నా చేతికిచ్చారు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, భుజం మీద సంచీ సర్దుకుంది. "మీరన్నది తప్పే. నేను కాదనను. కానీ ఆ తప్పు మా నాన్నని బతికిస్తోంది. అబద్ధమని తెలిస్తే రేపు పొద్దున్నే పొయ్యి వెలిగిస్తారు."

"కానీ అమ్మా, ఆయన పని..."

"ఆ పని గురించి నాకంటే ఎక్కువ తెలుసా సార్ మీకు? దాంతోనే కదా చదువుకున్నాను."

"సరే," అన్నాడతను. అన్న వెంటనే గుండెల్లోంచి ఏదో బరువు జారింది. షెడ్డు దాటి రోడ్డెక్కాక, తన నడక మామూలు కంటే చురుగ్గా ఉందని గమనించాడు. చెప్పనక్కర్లేదు. అడిగిన మనిషి ఏడుస్తూ అడిగింది. ఎవరు విన్నా ఒప్పుకుంటారు. మలుపు దగ్గర చల్లటి గాలి తగిలింది, ఒక ముసలావిడ పక్కకి జరిగి దారిచ్చింది. ఆ చిన్న చిన్న సుఖాలు కూడా ఆ పూట దొంగసొమ్ములా అనిపించి, నడక నెమ్మది చేశాడు.

*

శనివారం పొద్దున మేస్త్రే వచ్చాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. చేతులు బాగా రుద్ది కడిగినట్టున్నాయి, గోళ్ళ చివర నలుపు మాత్రం పోలేదు. షాపు గుమ్మంలో చెప్పులు విడవబోతే అతను వద్దన్నాడు. అయినా విడిచే లోపలికొచ్చాడు.

"అక్కగారి చెయ్యి ఎలా ఉంది?"

"తగ్గింది మేస్త్రీ. కూర్చోండి."

"అమ్మాయికి చెప్పకుండా వచ్చాను. నా కళ్ళు మళ్ళీ ఒకసారి చూడండి బాబూ. ఎంతవరకు పోయాయో, ఎప్పట్నుంచి పోయాయో కాస్త లెక్కకట్టి చెప్పండి."

"ఇప్పుడెందుకు?"

"ఆ షెడ్డులోంచి ఎంత పని బయటికి పోయింది. బళ్ళలో పసిపిల్లలుంటారు, నిండు గర్భిణులుంటారు. మీ అక్కగారికి చేతితో పోయింది, అందరికీ అలాగే పోతుందా? బుడగ నాకు కనపడటం మానేసింది ఎప్పట్నుంచో తెలిస్తే, అప్పట్నుంచి చేసినవాళ్ళందరికీ మళ్ళీ చూపించుకోమని చెప్పుకుంటాను. గుర్తున్న నలుగురి ఇళ్ళకి ఇప్పటికే వెళ్ళొచ్చాను."

"నడిచా?"

"నడిచే. బస్సెక్కితే అమ్మాయికి తెలిసిపోతుందిగా." మేస్త్రి చిన్నగా నవ్వాడు. "ఒకాయన తిట్టాడు. మిగతావాళ్ళు మంచినీళ్ళిచ్చారు."

అతను మేస్త్రిని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టాడు. బరువైన గుండ్రటి ఫ్రేము చెవుల మీద సర్దాడు. చెవుల వెనక చర్మం కాగితంలా ఉంది. లెన్సుల పెట్టె తెరిచాడు. మేస్త్రి పవరు అతనికి కంఠతా వచ్చు. చెయ్యి ఆ గడి మీదికే వెళ్ళి, దాన్ని దాటి, పై వరసలో ఇంకో జత లెన్సుల్ని తీసింది. రెండు కళ్ళకీ బిగించాడు. అక్షరాల కార్డు మేస్త్రి చేతికిచ్చాడు.

మేస్త్రి కార్డుని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం జరిపాడు. పెదవులు కదిలాయి.

"మసగ్గా ఉంది బాబూ. పైన రెండు వరసలే తెలుస్తున్నాయి." కాసేపాగి, "ఇంతగా పోయాయా?" అన్నాడు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. కార్డు పట్టుకున్న బొటనవేలు మాత్రం కార్డు అంచుని నిమురుతోంది, అక్షరాలకి బదులు అదైనా తెలుసుకుందామన్నట్టు.

ఇక మాట్లాడకుండా ఉంటే చాలు. కార్డు మీద ఒక అంకె రాసి, కొత్త అద్దాలు ఇస్తాను, షెడ్డు పని మాత్రం వద్దు అంటే చాలు. కూతురికిచ్చిన మాట నిలుస్తుంది, ఈయన ఊపిరి నిలుస్తుంది. ఈయన మాత్రం అన్నం తినగానే లేచి, గుర్తొచ్చిన ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళి, నాకు కళ్ళు కనపడవు, నా పని నమ్మకండి అని చెప్తాడు.

అతను ఫ్రేములోంచి రెండు లెన్సులూ లాగేశాడు. ఒకటి వేళ్ళలోంచి జారి బల్ల మీద దొర్లింది.

"ఇవి మీవి కావు మేస్త్రీ. కావాలనే పెట్టాను."

సరైన లెన్సులు బిగించాడు. మేస్త్రి కార్డు వైపు చూసి, మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఆగకుండా చదివాడు. చివర అచ్చువేసినవాళ్ళ చిరునామా ఉంటుంది, అది కూడా చదివాడు. చదివి, కార్డు ఒళ్ళో పెట్టుకుని, అతని వైపు చూశాడు.

అతను చెప్పాడు. మొన్న కూతురికి చెప్పినంత సాఫీగా రాలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగాల్సొచ్చింది. మూత తాను కొన్నానని, తానే బిగించానని, కార్డులో ఏం రాసుందో తెలిసే అలా అన్నానని, విడిభాగాల షాపులో శనివారం దాకా కొత్తది పక్కన పెట్టించానని చెప్పాడు.

మేస్త్రి గుండ్రటి ఫ్రేము తానే తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, తన పాత అద్దాలు పెట్టుకున్నాడు.

"బండిలో ఉందా అది?"

అతను షాపు ముందున్న కారు డిక్కీ తెరిచాడు. మేస్త్రి రేడియేటరు మీదికి వంగి, ముందు చూడలేదు. కళ్ళు మూసుకుని మాటు మీద బొటనవేలు నడిపించాడు, ఈ కొసనుంచి ఆ కొసకి. అర అంగుళం అవతల వేలు ఆగింది. అప్పుడు కళ్ళు తెరిచాడు.

"మాటు పట్టే ఉంది," అన్నాడు.

"పట్టే ఉంది మేస్త్రీ."

"పక్కన రేకు పోయింది." మేస్త్రి ఊపిరి పీల్చబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఒక చెయ్యి డిక్కీ అంచు మీదా, ఇంకోటి ఆ మాటు మీదా ఉంచాడు. "అమ్మాయిని కలిశారా ఈ మధ్య?"

అతను చూపు రేడియేటరు మీదికి దించుకున్నాడు.

"కలిశారు. చెప్పొద్దనుంటుంది."

"అంది."

"దాని మీద కోపం తెచ్చుకోను లెండి." మేస్త్రి డిక్కీ మూత దించాడు. "నిన్న పొద్దున దగ్గు లేకుండా లేచాను. అది వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తోంది. దాని గొంతు అంత బాగుంటుందని మర్చిపోయాను. ఎన్నేళ్ళో అయింది." కాసేపు వీధిలోకి చూశాడు. "పనికిరానివాణ్ణయ్యానని మానేశాను మొన్న. ఇవాళ్టి నుంచి నా అంతట నేనే మానేస్తున్నాను. దానికి తేడా తెలియనక్కర్లేదు."

"వ్యాను డ్రైవరుకి, ట్రాక్టరు వాళ్ళకి, అందరికీ నేనే చెప్తాను. ఇవాళే వెళ్ళి..."

"వద్దు. సాయంత్రానికి బస్సులో దాని చెవిన పడుతుంది. రేపట్నుంచి రోజూ తెల్లారి లేచి నేను పొయ్యి వెలిగించానేమోనని చూస్తుంది. ఎవరితోనూ అనకండి. నాకు తెలిసింది, చాలు."

"అది అన్యాయం మేస్త్రీ."

"అన్యాయమే. చేసేటప్పుడు నన్ను అడిగారా?"

ఆ మాటలో కరుకుదనం లేదు. మేస్త్రి కారు ముందు తలుపు తీసి కూర్చున్నాడు. "పదండి, విడిభాగాల షాపుకి. ఇవాళ శనివారం కదా, ఏదో ఒకటి తేల్చాలి."

"కారు కదలదు మేస్త్రీ."

మేస్త్రి కడుపు కదిలేలా నవ్వాడు. దిగి చెప్పులు వేసుకుని ముందు నడిచాడు.

*

కౌంటరాయన అట్టపెట్టె తెరిచి అల్యూమినియం రేడియేటర్ని బయట పెట్టాడు. పక్కన, పాత బండిలోంచి తీసిన ఇత్తడిది. మేస్త్రి ఇత్తడిదాన్ని చేతి వేళ్ళ కణుపులతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి విని, పక్కకి నెట్టాడు. "ఇందులో సగం గొట్టాలు పూడిపోయాయి." తర్వాత ప్లాస్టిక్ ట్యాంకు అంచు పొడుగునా వేలు నడిపాడు. గొట్టం నోట్లో బొటనవేలు పెట్టి తిప్పాడు. అట్టముక్క మీది బొమ్మతో చెవులు సరిచూసుకున్నాడు.

"ఇది తీసుకోండి బాబూ."

"మీరా ఈ మాటనేది?" కౌంటరాయన పెన్సిలు చెవి మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "ప్లాస్టిక్ అంటే వాంతి చేసుకునేవారు కదా మీరు."

"ఇత్తడిది పెట్టుకుంటే రేపు మాటు వేసేవాడు కావాలి. ఎవరున్నారు?"

కారు నడవాలంటే అదే సరైనదని అతనికి అర్థమైంది. అది మేస్త్రి తన పనికి తానే చెప్పుకుంటున్న వీడ్కోలని కూడా అర్థమైంది. జేబులోంచి చెయ్యి తీసి ఏదో అనబోయాడు. అప్పుడే బ్రెడ్డు వ్యాను డ్రైవరు, కొత్త గోధుమరంగు అద్దాలు నెత్తి మీదికి ఎత్తుకుని, ఫ్యాను బెల్టు కోసం లోపలికొచ్చాడు.

"ఏం మేస్త్రీ, కళ్ళద్దాల సారుతో తిరుగుతున్నారు. కొత్త కళ్ళు పెట్టించుకున్నారా? బుడగలు కనపడుతున్నాయా ఇప్పుడు?"

కౌంటరాయన నవ్వాడు. బెల్టులు చూసుకుంటున్న ఇంకో ఇద్దరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

"కనపడి చావట్లేదయ్యా. అందుకేగా మానేసింది."

అతను రేడియేటరు అంచుని పట్టుకుని నిలబడ్డాడు. ఆ అబద్ధం అతని నోటినుంచి వచ్చినప్పుడు ఒక మనిషి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇప్పుడు ఆ మనిషే దాన్ని తన నోటితో, నవ్వుతూ, కూతురి నిద్ర కోసం చెప్తున్నాడు. మేస్త్రి మాత్రం అతని వైపు చూడలేదు. జేబులోంచి దువ్వెన తీసి, అట్టపెట్టెలో నలిగి వంగిన ఆ రేడియేటరు సన్నటి రేకు మడతల్ని దాని పళ్ళతో ఒక్కొక్కటీ నిలబెడుతున్నాడు.

"ఇదిగో, దీనికి కొత్త మూత." కౌంటరాయన చిన్న పెట్టె ఒకటి మేస్త్రి ముందుకి తోశాడు. "ఈసారైనా అంకె చూసి బిగించండి మేస్త్రీ. పోయినసారి మీరు పెట్టింది ఒకటి పాయింటు మూడు."

దువ్వెన ఆగింది. మేస్త్రి మెల్లగా తలెత్తి, మొదటిసారి, అతని కళ్ళలోకి చూశాడు. ఇది కూడానా అన్నట్టు. అంతే. తర్వాత కౌంటరాయన వైపు తిరిగి, "అలాగే," అన్నాడు.

"ఆ మూత నేను పెట్టాను," అన్నాడతను.

తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. షాపు నిశ్శబ్దమైపోతుందనుకున్నాడు. కౌంటరాయన బిల్లు రాస్తూనే, "ఎవరు పెడితే ఏముంది లెండి సార్, పోయిందేదో పోయింది," అన్నాడు. డ్రైవరు రెండు బెల్టుల్ని వేళ్ళకి తగిలించి లాగి చూసుకుంటున్నాడు.

"నేనే కొన్నాను. నేనే బిగించాను. మేస్త్రికి దాంతో..."

"బాబూ," అన్నాడు మేస్త్రి, మళ్ళీ దువ్వెన ఆనిస్తూ. "ఊగుతోంది. కదలకుండా పట్టుకోండి."

అతను నోరు మూసుకుని, రెండు చేతులా పట్టుకున్నాడు. మేస్త్రి వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తూ, తర్వాతి మడతని నిలబెట్టాడు. వంగినవి ఇంకా చాలా ఉన్నాయి.